యెవరి పాపం? యెవరి ఉపవాసం?

కథోలిక తిరుసభలో ఒక గురువు చేసిన ఘోరం బయటపడినప్పుడల్లా మామూలు విశ్వాసులకు పైనుంచి ఒక సలహా అందుతుంది. ప్రార్థన చెయ్యండి, ఉపవాసం ఉండండి, క్షమించండి, నలుగురిలో మాట్లాడకండి అని. యీ నాలుగు పనులకూ కలిపి "ఆధ్యాత్మికంగా స్పందించటం" అని పేరు పెడతారు. బయటినుంచి, ముఖ్యంగా యీ పత్రిక చదివే మిత్రులనుంచి, ఇంకో సలహా అందుతుంది. "ఇంత జరిగాక కూడా ఆ గుడికి యెందుకు పోతావయ్యా? మానెయ్యరాదూ?" అని.

నేను కథోలికుణ్ణి. బడిపంతులుగా బతుకుతున్నవాణ్ణి. యీ రెండు సలహాలూ నాకు చాలాసార్లు అందాయి. రెండూ పనికిరానివని నా వాదం. పైకి యెడమొహం పెడమొహంగా కనిపించే యీ సలహాలు ఆచరణలో ఒక్క ఫలితాన్నే ఇస్తాయి. మొదటిది నోరు మూసుకుని లోపల కూర్చోమంటుంది. రెండోది చప్పుడు చెయ్యకుండా బయటికి నడవమంటుంది. నేరం చేసినవాడూ, వాణ్ణి కాపాడిన పెద్దలూ మాత్రం ఉన్న చోటనే ఉంటారు.

ముందుగా జరిగిందేమిటో చూద్దాం. 2002 జనవరిలో బాస్టన్ గ్లోబ్ పత్రిక జాన్ గేగన్ అనే గురువు సంగతి బయటపెట్టింది. ముప్పయ్యేళ్ళ కాలంలో అతను తమను చిన్నతనంలో చెరిచాడని 130 మందికి పైగా ముందుకొచ్చి చెప్పారు. 2018 ఆగస్టులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రపు గ్రాండ్ జ్యూరీ ఆరు మేత్రాసనాల దస్తావేజులు తిరగేసి, 300 మందికి పైగా గురువుల మీద ఆరోపణలనూ, 1,000 మందికి పైగా బాధిత బాలబాలికల ఉదంతాలనూ వెల్లడించింది. 2021 అక్టోబరులో ఫ్రాన్సులో ఒక సంఘం 1950 నుంచి 2020 దాకా గురువుల చేతుల్లోనూ మఠవాసుల చేతుల్లోనూ దెబ్బతిన్న పిల్లల సంఖ్య సుమారు 2,16,000 అని అంచనా కట్టింది. ఆ సంఘాన్ని వేయించింది తిరుసభ శత్రువులు కారు, ఫ్రాన్సు బిషప్పులే.

దేశాలు మారినా పద్ధతి మాత్రం మారలేదు. మా కథోలికుల తెలుగులో ఒక గురువు పాలన కింద ఉండే ప్రాంతాన్ని "విచారణ" అంటాం. నేరం చేసిన గురువుకు విచారణ మారిందే గాని విచారణ జరగలేదు. గేగన్ ను ఒక చోటినుంచి మరో చోటికి మారుస్తూ పోయారు. కొత్త చోటనున్న తల్లిదండ్రులకు యెవరూ యేమీ చెప్పలేదు. బాస్టన్ కార్డినల్ బెర్నార్డ్ లా 2002 డిసెంబరులో పదవికి రాజీనామా చేశాడు. 2004లో ఆయనకు రోములో సెయింట్ మేరీ మేజర్ మహామందిరంలో పెద్దపదవి దొరికింది. అంతకు చాలాముందే, 1962లో, గురువుల మీద వచ్చే కొన్ని రకాల ఫిర్యాదుల విచారణంతా గోప్యంగా జరపాలని రోమునుంచి బిషప్పులకు ఒక ఆదేశం వెళ్ళింది. ఇలాంటి కేసుల మీద ఉన్న "పోపు రహస్యం" అనే ముద్రను తీసెయ్యటానికి 2019 డిసెంబరు దాకా ఆగవలసి వచ్చింది.

అంచేత అసలు ప్రశ్న ఒక గురువు పతనం కాదు. మనిషన్నవాడు పతనం కావచ్చు; అది మా మతానికి కొత్త సంగతేమీ కాదు. ఆ పతనాన్ని దాచటానికి ఒక వ్యవస్థ ఉండటమూ, ఆ వ్యవస్థ తన మౌనానికి భక్తి అనే పేరు పెట్టుకోవటమూ అసలు ప్రశ్న. నా పేచీ యీ పేరుతోనే.

మా జ్ఞానోపదేశంలో "దుర్మాతృక" అనే మాట ఒకటుంది. చెడ్డ నడవడితో ఇంకొకరి విశ్వాసాన్ని కూల్చటమని దాని అర్థం. చిన్నవాళ్ళను తడబడేట్టు చేసేవాడి మెడకు తిరుగటిరాయి కట్టి సముద్రంలో పడవెయ్యటం మేలని క్రీస్తు అన్నాడు. ఆయన మాట స్పష్టంగా ఉంది. దుర్మాతృక నేరం చేసినవాడిది. కాని మన పెద్దలు యీ మాటను తలకిందులు చేశారు. పిల్లవాణ్ణి చెరచటం దుర్మాతృక కాలేదు, అది నలుగురికీ తెలియటం దుర్మాతృక అయింది. "విశ్వాసులకు దుర్మాతృక కలగకుండా" కాగితాలు బీరువాలో పెట్టి తాళం వేశారు. చిన్నవాళ్ళ కోసం చెప్పిన మాటను చిన్నవాళ్ళ నోరు నొక్కటానికి వాడుకోవటం కంటే పెద్ద దైవదూషణ యేముంటుందో నాకు తెలియదు.

ఇక ప్రార్థన, ఉపవాసం, క్షమాపణల సంగతి. వీటిని నేను వెక్కిరించటం లేదు. నేను ప్రార్థించేవాణ్ణే. నేననేదేమిటంటే, పాపానికి ప్రాయశ్చిత్తం యెలా జరగాలో తిరుసభ ఇదివరకే చెప్పింది, ఆ చెప్పిన ప్రకారమే నడుచుకోమని. 1551లో ట్రెంట్ మహాసభ పాపసంకీర్తన సంస్కారంలో పాపి చెయ్యవలసిన పనులు మూడని తేల్చింది. మనసులో పశ్చాత్తాపపడాలి. నోటితో పాపాన్ని ఒప్పుకోవాలి. చేతలతో పరిహారం చెల్లించాలి. మా ఊరి ముసలమ్మను అడిగినా యీ మూడూ చెబుతుంది. మామిడికాయలు దొంగిలించి వచ్చి "పాపం చేశాను స్వామీ" అన్న కుర్రవాడికి కూడా గురువు ముందు కాయల ఖరీదు ఇచ్చి రమ్మంటాడు.

మామిడికాయల దొంగకు వర్తించే యీ న్యాయం పిల్లల బతుకులు దోచినవాడికి యెందుకు వర్తించదు? అక్కడ జరిగేదేమిటి? ఒప్పుకోవటం కోర్టు బలవంతాన జరుగుతుంది, లేకపోతే జరగదు. పరిహారం లాయర్లు బేరమాడితే వస్తుంది, లేకపోతే రాదు. మిగిలింది పశ్చాత్తాపం. దాన్ని విశ్వాసుల మీదికి తోస్తారు! పాపం గురువుది, దాచటం బిషప్పుది, ఉపవాసం మాత్రం మనది.

2018 ఆగస్టులో పోపు ఫ్రాన్సిస్ ప్రపంచంలోని విశ్వాసులందరికీ ఒక లేఖ రాశారు. ఆ లేఖకు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. బాధితుల గోడును చాలాకాలం పట్టించుకోలేదని ఆయన ఒప్పుకున్నారు. గురువుల పెత్తనమే యీ రోగానికి మూలమని గట్టిగా చెప్పారు. కాని అదే లేఖలో విశ్వాసులందర్నీ ప్రార్థనకూ ఉపవాసానికీ పిలిచారు. "అందరం" పాపం చేశామనే చోట యెవరూ పాపం చెయ్యనట్టే అవుతుంది. బాస్టన్ లోనో పెన్సిల్వేనియాలోనో తన బిడ్డకు యేం జరిగిందో ఇరవయ్యేళ్ళదాకా తెలియని తల్లీ, తెలిసి కాగితం మీద సంతకం పెట్టి గురువును వేరే ఊరికి పంపిన బిషప్పూ ఒకే వరసలో మోకరించి రొమ్ము బాదుకుంటే అది సమానత్వం కాదు. నేరస్థుణ్ణి గుంపులో కలిపి దాచెయ్యటం.

ఇది నేను అతిశయోక్తిగా చెబుతున్నానని అనుకునేవారికి కేరళ సంగతి ఒకటి చెబుతాను. 2017లో అక్కడ ఒక మైనరు బాలికను గర్భవతిని చేసిన కేసులో నేరం మొదట యెవరి నెత్తిన పడిందో తెలుసా? ఆ పిల్ల కన్నతండ్రి నెత్తిన. తరవాత నిజం బయటపడింది. 2019లో కోర్టు ఆ ఊరి విచారణ గురువును దోషిగా తేల్చి 20 యేళ్ళ శిక్ష వేసింది. 2021లో హైకోర్టు దాన్ని 10 యేళ్ళకు తగ్గించింది గాని దోషి కాదనలేదు. గురువు పాపాన్ని గృహస్థుడు మొయ్యటమనేది ఇక్కడ ఉపమానం కాదు, పోలీసు స్టేషనులో నమోదైన సంగతి. ఇంతటి అణకువను యే సువార్తా నేర్పలేదు. తరతరాలుగా అలవాటు చేసిన భయం నేర్పింది.

"గురువు యెలాంటివాడైతేనేం, సంస్కారాలు పవిత్రమైనవే. కనుక గురువు తప్పుల్ని చూడకండి, దేవుణ్ణి చూడండి" అని మరొక వాదం ఉంది. యీ వాదంలో మొదటి వాక్యం నిజమే. నాలుగో శతాబ్దంలో ఉత్తరాఫ్రికాలో దొనాతు వర్గంవాళ్ళు పాపి అయిన గురువు ఇచ్చే సంస్కారాలు చెల్లవన్నారు. సెయింట్ ఆగస్టీను వాళ్ళను కాదన్నాడు. సంస్కారం క్రీస్తుది, గురువుది కాదు. గురువు అపవిత్రుడైనంత మాత్రాన అది చెల్లకుండా పోదన్నాడు. తిరుసభ ఆయన మాటనే నిలబెట్టింది. నేనూ దాన్ని నమ్ముతాను.

కాని యీ సిద్ధాంతాన్ని చివరిదాకా తీసుకుపోదాం. గురువు పవిత్రత మీద నా విశ్వాసం ఆధారపడి లేనప్పుడు, ఆ గురువు పరువు కాపాడకపోతే నా విశ్వాసం కూలిపోతుందని మీకు బెంగ యెందుకు? అతన్ని పోలీసులకు అప్పగిస్తే సత్ప్రసాదానికి వచ్చిన లోటేమిటి? ఆగస్టీను చెప్పింది నిజమైతే కాగితాలు దాచటానికి మతపరమైన కారణం ఒక్కటీ మిగలదు. మిగిలేవి మూడే: పదవి, పరువు, డబ్బు. సంస్కారం గురువుది కాదని వేదికెక్కి బోధిస్తూ, గురువు పోతే తిరుసభే పోతుందన్నట్టు చాటున ప్రవర్తించటం, తమ సిద్ధాంతాన్ని తామే నమ్మకపోవటం.

"మరి అబద్ధపు ఆరోపణల మాటేమిటి?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఆస్ట్రేలియాలో కార్డినల్ జార్జి పెల్ ను 2018లో దోషి అన్నారు. 400 రోజులకు పైగా జైల్లో ఉన్నాక 2020 యేప్రిల్లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పును కొట్టేసింది. మన దేశంలో 2018 సెప్టెంబరులో జలంధర్ బిషప్పు ఫ్రాంకో ములక్కల్ మీద ఒక మఠకన్య చేసిన ఫిర్యాదుపై చర్య తీసుకోవాలని తోటి మఠకన్యలు కొచ్చిలో హైకోర్టు దగ్గర దీక్షకు కూర్చున్నారు. వాళ్ళ పక్కన గృహస్థులూ కూర్చున్నారు. ఆయన్ను అరెస్టు చేశారు. 2022 జనవరిలో కొట్టాయం కోర్టు ఆయన నిర్దోషి అన్నది. దానిమీద అప్పీలు వెళ్ళింది. దీనివల్ల తేలేదేమిటి? న్యాయవిచారణ నిర్దోషికి కూడా రక్షణే అని. విచారణ జరగాలన్నవాళ్ళు తీర్పు తామే రాసి తేలేదు. బీరువాలో తాళం వేసిన ఫిర్యాదు మాత్రం బాధితుడికీ న్యాయం చెయ్యదు, నిందపడ్డ నిర్దోషికీ న్యాయం చెయ్యదు.

క్షమాపణ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. క్షమించే హక్కు దెబ్బతిన్నవాడిది. వాడి తరఫున నేను క్షమించటానికి నాకు అధికారం లేదు, బిషప్పుకూ లేదు. పైగా క్షమించినంత మాత్రాన శిక్ష రద్దు కాదు. 1981లో తన మీద కాల్పులు జరిపినవాణ్ణి పోపు జాన్ పాల్ క్షమించారు. 1983లో జైలుకు వెళ్ళి పలకరించారు కూడా. క్షమించారు గనుక వాణ్ణి ఆ రోజే విడిచిపెట్టమని యెవరూ అనలేదు. పోపు ప్రాణానికి వర్తించే తర్కం పేదవాడి బిడ్డకు వర్తించకపోవటానికి కారణం మతం కాదు.

సరే, మరి విశ్వాసి చెయ్యవలసిన ఆధ్యాత్మికమైన పని యేమిటి? దానికి చిలీ దేశంలో ఒసోర్నో అనే ఊరి కథోలికులు సమాధానం చెప్పారు. 2015లో వాళ్ళకు హువాన్ బరోస్ ను బిషప్పుగా వేశారు. పిల్లల్ని చెరచిన కరదీమా అనే గురువు ఆగడాలు బరోస్ కళ్ళముందే జరిగాయని బాధితులు చెప్పారు; బరోస్ కాదన్నాడు. ఆయన పదవి స్వీకరించే రోజున జనం నల్లబట్టలు కట్టుకుని, నల్ల బుడగలు పట్టుకుని పెద్దగుడిలోకే వచ్చి నిరసన తెలిపారు. ఒసోర్నోవాళ్ళు తెలివితక్కువవాళ్ళనీ, వామపక్షంవాళ్ళు ముక్కుతాడు వేసి లాక్కుపోతున్నారనీ పోపు ఫ్రాన్సిస్ అదే యేడు అన్నారు. (మన మిత్రులకు యీ నింద కొత్త కాదు.) 2018 జనవరిలో చిలీకి వెళ్ళి, ఇదంతా అపనింద, రుజువు తెండి అన్నారు. ఒసోర్నో గృహస్థులు తిరుసభను విడిచిపెట్టలేదు, ఊరుకోనూ లేదు. చివరికి పోపు ఒక ప్రతినిధిని పంపి బాధితుల మాట విన్నారు. తాను తీవ్రమైన పొరపాట్లు చేశానని యేప్రిల్లో రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. మే నెలలో చిలీ బిషప్పులందరూ రాజీనామాలు సమర్పించారు. జూన్లో బరోస్ దిగిపోయాడు.

ఇందులో యెవరు యెవరికి పాపసంకీర్తనం చేశారో గమనించండి. మూడేళ్ళు నిలబడి నిజం చెప్పిన గృహస్థుల ముందు పోపే తన తప్పు ఒప్పుకున్నారు. నా లెక్కన ఆ మూడేళ్ళూ ఒసోర్నో ప్రజలు చేసింది ప్రార్థనే. నిజం పలకటానికి కూడదీసుకున్న ధైర్యం ప్రార్థన కాకపోతే ఇంకేది ప్రార్థన?

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2002లో బాస్టన్ పక్కన వెల్స్లీ అనే ఊళ్ళో కొందరు గృహస్థులు గుడి కింది గదిలో సమావేశమై, విశ్వాసాన్ని నిలుపుకుంటూనే తిరుసభను మార్చాలని సంఘం పెట్టారు. కొందరు బిషప్పులు వాళ్ళకు గుడి ఆవరణలో చోటు లేదన్నారు. ఆస్ట్రేలియాలో బల్లరాట్ అనే ఊరి జనం 2015లో, పిల్లల మీద అత్యాచారాలు జరిగిన బడి కంచెకు రంగురంగుల రిబ్బన్లు కట్టటం మొదలుపెట్టారు. మీ మాట మేం నమ్ముతున్నాం అని బాధితులకు చెప్పటానికి. కొండంత వేదాంతగ్రంథం చెయ్యలేని పనిని మూర పొడుగు రిబ్బను చేసింది.

ఇప్పుడు "మానెయ్యరాదూ" అనే మిత్రులతో రెండు మాటలు. వెళ్ళిపోయినవాళ్ళను నేను తప్పుపట్టను. ముఖ్యంగా దెబ్బతిన్నవాడు వెళ్ళిపోతే వాడి వెంట ఒక్క నింద కూడా పోకూడదు. కాని వెళ్ళిపొమ్మని సలహా ఇచ్చేవాళ్ళు, ఉండిపోయేవాళ్ళు యెవరో ఒక్కసారి చూడాలి. గుణదల కొండకు ఫిబ్రవరి తిరునాళ్ళలో వచ్చే జనాన్ని చూడండి. తెలుగు కథోలికుల్లో అధికభాగం దళితులు. మనలో ఒకరైన పూల ఆంథోనీ గారు 2022లో కార్డినల్ అయ్యేదాకా తెలుగువాళ్ళలోనుంచిగాని, దళితుల్లోనుంచిగాని ఒక్క కార్డినల్ కూడా లేడు. యీ జనానికి గుడి కేవలం ఆదివారపు అలవాటు కాదు. పిల్లవాడికి బడిలో సీటూ, ఆడపిల్లకు హాస్టల్లో చోటూ, జబ్బు చేస్తే ఆసుపత్రిలో ఒక మాట సాయమూ అక్కణ్ణుంచే రావాలి. గురువు మీద ఫిర్యాదు చెయ్యటమంటే వీటన్నిటినీ పణంగా పెట్టటం. చదువూ ఉద్యోగమూ ఉన్నవాడికి మానెయ్యటం సులువు. వాడు పోయాక మిగిలేది యీ నిస్సహాయులే. కాస్త నోరున్నవాళ్ళందరూ వెళ్ళిపోతే నోరులేనివాళ్ళ పక్కన యెవరు నిలబడతారు?

గృహస్థుడు నోరెత్తటం తిరుసభ సంప్రదాయం కాదని యెవరైనా అంటే వాళ్ళకు చరిత్ర తెలియదు. పద్నాలుగో శతాబ్దంలో సియెన్నా పట్నపు కేథరీను రంగులద్దేవాడి కూతురు. గురుత్వమూ లేదు, పదవీ లేదు. అవిన్యోనులో కూర్చున్న పోపు పదకొండో గ్రెగరీని రోముకు తిరిగి రమ్మని ఉత్తరాల మీద ఉత్తరాలు రాయించింది. దుష్టులైన గురువుల్ని తొలగించమని మొహమాటం లేకుండా చెప్పింది. 1377లో పోపు రోముకు వచ్చాడు. 1970లో తిరుసభ ఆమెను తన పండితుల వరసలో చేర్చింది. ఆరువందల యేళ్ళ కిందటి ఆడదాని ధిక్కారానికి దండ వేసి, నేటి ఆడవాళ్ళ ధిక్కారానికి దండన వెయ్యటం యేం న్యాయం?

మనకు చట్టాలూ ఉన్నాయి. తమ అభిప్రాయాన్ని పెద్దలకు చెప్పే హక్కూ, ఒక్కొక్కప్పుడు బాధ్యతా గృహస్థులకు ఉన్నాయని 1964లో రెండో వాటికన్ మహాసభ అన్నది. 1983 నాటి తిరుసభ చట్టం 212వ నిబంధనగా రాసింది. ప్రతి విచారణలోనూ ఆర్థిక సంఘం ఉండి తీరాలని 537వ నిబంధన చెబుతుంది. మీ విచారణలో ఆ సంఘం ఉందా, మన కానుకల లెక్క అది చూస్తున్నదా, అడగండి. ఇక దేశపు చట్టం ఉంది. 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసిన ప్రతివాడూ పోలీసులకు చెప్పాలి. చెప్పకపోతే 21వ సెక్షను కింద శిక్ష ఉంది. సంస్థ అధిపతి అయితే యేడాది దాకా జైలు. అందులో బిషప్పుకు మినహాయింపు లేదు, ఉపదేశికి లేదు, నాలాంటి పంతులుకూ లేదు.

అంచేత సాటి విశ్వాసులకు నేను చెప్పేదిది. ఉపవాసం ఉండదలిస్తే ఉండండి. కాని ఆ రోజు మిగిలిన అన్నం డబ్బు బాధితుడి కోర్టు ఖర్చుకు ఇవ్వండి. జపమాల చెప్పదలిస్తే చెప్పండి. కాని ఆ పిల్ల ఇంటికి వెళ్ళి, ఆ తల్లి పక్కన కూర్చుని చెప్పండి. ఊరంతా వెలివేసినట్టు చూసే ఇల్లు అదే కదా. సిలువ కింద చివరిదాకా నిలబడినవాళ్ళలో శిష్యుల కంటే ఆడవాళ్ళే యెక్కువ. పేతురు మూడుసార్లు యెరగనన్నాడు. తిరుసభ ఆ సంగతిని దాచలేదు. తన మొదటి పోపు పిరికితనాన్ని నాలుగు సువార్తల్లోనూ రాసిపెట్టి యేటేటా గుళ్ళో చదివిస్తున్నది. అంత ధైర్యం ఒకప్పుడు ఉన్న సంస్థకు నేటి బిషప్పుల పిరికితనాన్ని చదివి వినిపించటం యెలా అపచారమవుతుంది?

పాపం చేసినవాడు ఒప్పుకోవాలి. దాచినవాడు దిగిపోవాలి. దెబ్బతిన్నవాడికి పరిహారం అందాలి. యీ మూడూ జరిగిన రోజున మమ్మల్ని ఉపవాసానికి పిలవండి, వస్తాం. అందాకా మా ఆకలి మీ పాపానికి రసీదు కాదు.